తుప్పుకు కాపలా

మా తమ్ముడు సామ్యూలు ఫిల్మ్ నగర్‌లో ఇల్లు కట్టిన తీరు చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. ఇల్లు కట్టుకుని అందులో ట్రాక్టరు పెట్టుకున్నట్టు ఉండదు, ట్రాక్టరు చుట్టూ ఇల్లు కట్టినట్టు ఉంటుంది. గేటు తీయగానే ఎదురుగా దాని ముక్కు. దానికీ ప్రహరీగోడకీ మధ్య మనిషి పక్కకు తిరిగి నడిచేంత సందు. వచ్చిన చుట్టాలు ఎంత పెద్దవాళ్ళైనా సరే, పొట్ట లోపలికి లాక్కుని పీతల్లా అడ్డంగా నడిచి వరండా చేరాల్సిందే. స్టీరింగుకి ఒక కొస, మేడమెట్ల కమ్మీకి ఒక కొస కట్టిన తాడు మీద మరదలు బట్టలు ఆరేస్తుంది. బానెట్టు మీద అమ్మ మిరపకాయలు ఎండబెడుతుంది. నాన్న బతికున్నంత కాలం దాన్ని కదిలిద్దామన్న మాట ఎవరూ ఎత్తలేదు. మొన్న వానలు వెనకపట్టే రోజుల్లో నాన్న పోయాడు. చర్చివాళ్ళు ఇంట్లో పెట్టిన ఆదరణ కూడిక అయిన మర్నాడే సామ్యూలు, జూబ్లీ హిల్స్‌లో ఎవరో పల్లెటూరి భోజనాల హోటలు పెడుతున్నారనీ, గుమ్మం ముందు నిలబెట్టడానికి పాత ట్రాక్టరు అడుగుతున్నారనీ చెప్పాడు. తుప్పు మాత్రం ఎక్కడిదక్కడ ఉండాలట. తుడిస్తే వద్దన్నారట. ఆ మాటకి నేను గట్టిగా నవ్వేశాను. అంత గట్టిగా ఎందుకు నవ్వానో మరదలికి అర్థం కాలేదు.

ఇవ్వడం సరే, అది కదలాలి కదా. టైర్లు గాలిపోయి చదునై నేలకి అతుక్కుపోయాయి. వెనక చక్రాల రిమ్ములైతే పట్టుకుంటే పెచ్చులూడే స్థితిలో ఉన్నాయి. వాటిని ఊడదీసి, తాత్కాలికంగా వేరే చక్రాలు తగిలిస్తే తప్ప గేటు దాటదని తేల్చాడు ఖాదర్ భాయ్. టోలిచౌకి నుంచి వచ్చే మెకానిక్ ఆయన, డెబ్భై దగ్గర పడ్డ మనిషి. మొదటి రెండు రోజులూ నట్ల మీద డీజిలు పోసి నానబెట్టి వెళ్ళిపోయాడు. మూడో రోజు సమ్మెట తెచ్చాడు. ఆ రోజు నేను అమ్మని చూడ్డానికి కృష్ణానగర్ నుంచి వచ్చి ఉన్నాను. సమ్మెట దెబ్బ పడ్డప్పుడల్లా వంటింట్లో గిన్నెలు కూడా మోగుతున్నాయి. కాసేపటికి మోత ఆగింది. ఖాదర్ భాయ్ ఎడమ చక్రం ముందు గొంతుకూర్చుని, వేలితో రిమ్మును గీకి, ఆ వేలు వాసన చూసుకుంటున్నాడు.

"అమ్మా, గిదేంది? కుడి చక్రానికి జంగు పట్టింది, పడ్తది, ఇనుము గదా. గీ ఎడమ దానికి మాత్రం జంగు మీద నూనె పూసిన్రు. ఒక్కసారి గాదు, ఏండ్ల తరబడి పూసినట్టున్నరు. జంగు తీసేటోళ్ళను చూసిన గని, జంగును సాకేటోళ్ళను చూడలే నేను."

ఇక సామ్యూలుకి పండగే. మా ఇంట్లో ప్రతి పెళ్ళిలోనూ, ప్రతి క్రిస్మస్ భోజనాల దగ్గరా చెప్పే కథ అది. సినిమావాళ్ళు తుప్పు తుడవొద్దన్నారని మా నాన్న ఏళ్ళ తరబడి తుప్పుకు కాపలా కాశాడన్నది ఆ కథ. వాడు నాన్న గొంతుతో "కంటిన్యుటీ ఉందండీ" అనగానే అందరూ పగలబడి నవ్వడం, చివర అమ్మ "పిచ్చిమారాజు, నా ఖర్మ" అనడం ఆనవాయితీ. ఖాదర్ భాయ్ కూడా నవ్వాడు. ఇన్నేళ్ళూ అందరితో పాటు నేనూ నవ్వుతూ వచ్చాను. ఆ కథలో లేని ముక్క ఒకటి ఉంది. అది తెలిసినదాన్ని నేనొక్కతినే.

నాన్న పేరు దేవసహాయం. రేపల్లె పక్క పల్లెలో ఒక కామందు దగ్గర ట్రాక్టరు తోలేవాడు. ఉప్పునీటి నేలల్లో దమ్ము చేసీ చేసీ చక్రాల రిమ్ములకి అప్పటికే తుప్పు మచ్చలు లేచాయి. కామందు కొత్త బండి కొనుక్కుని పాతదాన్ని పశువుల కొట్టం పక్కన పడేశాడు. కొన్నాళ్ళకి, ఇన్నేళ్ళు చేసినందుకు నీకే ఇస్తున్నాను తీసుకుపో అన్నాడు. అప్పటికే హైదరాబాదు వచ్చి సెట్టు పనుల్లో ఉన్న మా పెదనాన్న కొడుకు, ఇక్కడ పల్లెటూరి సినిమాలకి అద్దె ట్రాక్టరు దొరక్క చస్తున్నారని కబురు పెట్టాడు. మేం గిన్నెలూ దుప్పట్లూ మూటలు కట్టుకుని రైలెక్కితే, నాన్న ఆ బండి తోలుకుంటూ రెండున్నర రోజులు రోడ్డు మీద వచ్చాడు. వచ్చిన మొహం చూసి అమ్మ మొదట గుర్తుపట్టలేదు, దుమ్ముతో తెల్లబడిపోయి ఉంది. అప్పటి ఫిల్మ్ నగర్ అంటే బండరాళ్ళు, వాటి మధ్య సీతాఫలం పొదలు, అక్కడక్కడా రేకుల పాకలు. మాదీ ఒక రేకుల పాకే. బండిని పాక ముందు నిలిపి, వైరు బ్రష్షూ ఎర్ర ప్రైమరూ తెల్ల పెయింటూ కొనుక్కొచ్చాడు నాన్న. రిమ్ములు తళతళలాడితే గానీ సినిమాకి పనికిరావని ఆయన నమ్మకం.

బ్రష్షు పట్టుకుని కూర్చున్న ఉదయమే లొకేషన్ వెతుక్కుంటూ ఒక జీపు వచ్చింది. అందులోంచి దిగిన డైరెక్టరుగారు మా పాకని చూడలేదు, మమ్మల్నీ చూడలేదు. నేరుగా వెళ్ళి ఎడమ వెనక చక్రం ముందు నిలబడి, దేవుణ్ణి చూసినట్టు చూశారు. వారం తిరిగేసరికి పక్క బండల మీద షూటింగు. తండ్రి చచ్చిపోయిన హీరో, ఆయన వదిలేసిన ట్రాక్టరు చక్రానికి తల ఆనించి ఏడవాలి. హీరో డైలాగు సగం దాకా చెప్పాడు, పొద్దు వాలిపోయింది. మిగతా సగం రెండో షెడ్యూల్లో అన్నారు. మురళి అనే అసిస్టెంటు చక్రాన్ని దగ్గర నుంచి ఫొటో తీయించి, ఒక ప్రింటు మర్నాడు నాన్నకి తెచ్చి ఇచ్చాడు. డైరెక్టరుగారు అంతకుముందే నాన్న భుజం మీద చెయ్యేసి చెప్పి వెళ్ళారు.

"దేవసహాయంగారూ, ఈ రిమ్ము నా హీరో మొహం పక్కనే ఉంటుంది. ఎక్కడ ఎంత తుప్పుందో అక్కడ అంతే ఉండాలి. తగ్గకూడదు, పెరగకూడదు. దీన్నే మేం కంటిన్యుటీ అంటాం. మళ్ళీ మేం వచ్చేదాకా మీదే బాధ్యత."

మా నాన్న పేరు చివర 'గారు' చేర్చి ఒకరు పిలవడం నేను వినడం అదే మొదటిసారి. ఆయన వినడం కూడా అదే మొదటిసారేమో. కామందు ఇంట్లో నాలుగేళ్ళ పిల్లాడు కూడా ఆయన్ని "ఒరే" అనేవాడు. పెయింటు డబ్బాలు మంచం కిందకి వెళ్ళిపోయాయి.

తుప్పు పట్టించడం చేతకాని వాళ్ళుండరు, వదిలేస్తే చాలు. తుప్పు వదిలించడం కూడా కష్టమేమీ కాదు. తుప్పుని ఉన్నచోట ఉన్నంతే ఉంచడం ఉంది చూశారూ, అది పగవాడికి కూడా వద్దు. వానొస్తే ఒక మచ్చ పెరుగుతుంది. ఎండకి ఇంకో చోట పెచ్చు లేస్తుంది. అందుకని ప్రతి శనివారం సాయంత్రం, ఆదివారం ఆరాధనకి తెల్లబట్టలు ఉతికి ఆరేసిన తరవాత, నాన్నా నేనూ చక్రం ముందు కూర్చునేవాళ్ళం. అప్పటికే నాన్నకి చత్వారం వచ్చింది. అరచేతిలో పట్టే ఫొటోలో గీతలు ఆయనకి ఆనేవి కావు. ఫొటో నా చేతిలో ఉండేది. అది నలుపు తెలుపు ఫొటో, తుప్పు రంగు అందులో ఎక్కడిది? ఎంత నల్లగా ఉంటే అంత ముదురు తుప్పని మేమే ఒక లెక్క కట్టుకున్నాం. వాల్వు పక్కన బాతు ఆకారంలో ఒక మచ్చ ఉండేది. దానికి పైన ఆవు చెవి. అంచున చిన్న చిన్న చుక్కలు ఏడు. "బాతు తోక పొడుగైంది నాన్నా" అంటే ఆయన సన్నటి గరుకు కాగితం వేలికి చుట్టుకుని, కిరసనాయిలు అద్ది, ఊపిరి బిగబట్టి రెండు గీతలు రుద్దేవాడు. బయటపడ్డ ఇనుము మీద బూడిద కలిపిన పెయింటు అద్దేవాడు. తరవాత మచ్చ ఇంకా పాకకుండా ఆముదం పూసేవాడు. ఆముదం పూస్తే మెరుస్తుంది, మెరిస్తే ఫొటోకి సరిపోదు. అందుకని గుప్పెడు రోడ్డు దుమ్ము తెచ్చి పైన ఉఫ్ అని ఊదేవాడు. ఆ కిరసనాయిలు, ఆముదం, దుమ్ము కలిసిన వాసన నాకు ఇప్పటికీ శనివారం వాసనే. అన్నీ అయ్యాక నా వైపు తిరిగి, పరీక్ష రాసిన పిల్లాడు మేష్టారి వైపు చూసినట్టు చూసేవాడు. "సరిపోయింది నాన్నా" అని నేను అంటేనే లేచేవాడు. అనకపోతే మళ్ళీ కూర్చునేవాడు.

మా ఇంట్లో నాకున్న విలువంతా ఆ ఒక్క గంటలో ఉండేది. మిగతా వారమంతా నేను అమ్మ చేతి కింద మనిషిని. ట్రాక్టరుకి వేరే పని లేకపోయేసరికి, అమ్మ కృష్ణానగర్‌లో వేషాల కోసం గదులు తీసుకున్న కుర్రాళ్ళకి, డాన్సర్లకి క్యారేజీలు వండి పంపడం మొదలుపెట్టింది. తెల్లవారకుండానే పొయ్యి. నేను గిన్నెలు తోమాలి, చింతపండు పిసకాలి, సామ్యూల్ని ఎత్తుకోవాలి, బడి నుంచి రాగానే రెండు చేతులా క్యారేజీలు పట్టుకుని గుట్ట దిగాలి. అమ్మకి నేను ఎంత చేసినా ఒక గిన్నె తక్కువే తోమినట్టుండేది. ఆమెను తప్పుపట్టను, నడుం విరిగే చాకిరీ అది. కోపమంతా నాన్న మీద తీర్చుకునేది. "చేతిలో బండి పెట్టుకుని ఆడదాని వంట తింటున్నావే, సిగ్గుగా లేదటయ్యా? ఆ మచ్చ తుడిచి పారెయ్యి, పనిలోకి పో" అనేది. నాన్న ఎదురు చెప్పేవాడు కాదు. "మాట ఇచ్చాను సువార్తా. ఒక్క షెడ్యూలు కదా" అనేవాడు.

ఆయనేమీ ఊరికే కూర్చోలేదు. మొదట్లో నెలనెలా ఆఫీసుకి వెళ్ళి అడిగొచ్చేవాడు. ఈ ఊళ్ళో ఒక పద్ధతి ఉంది, నేను ఇన్నేళ్ళుగా సీరియళ్ళకి మాటలు రాస్తూ చూస్తూనే ఉన్నాను, ఇప్పటికీ మారలేదు. ఇక్కడ సినిమా ఆగిపోయిందని ఎవరూ అనరు. డేట్లు కుదరలేదంటారు, కథ మీద కూర్చున్నారంటారు, పై నెల అంటారు. మనిషి చనిపోతే చెప్పే నోళ్ళు కూడా సినిమా చనిపోతే చెప్పవు. ఆఫీసు గేటు దగ్గర వాచ్‌మన్ కూడా "పై నెల వస్తరు సార్" అనే అనేవాడు. నాన్న ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చి ఇంకో నెల ఆముదం పూసేవాడు. అలా రెండేళ్ళు గడిచాయి. నాకు పదమూడు వచ్చాయి.

ఒకరోజు క్యారేజీల లిస్టులో కొత్త గది ఒకటి చేరింది. తలుపు తీసినవాణ్ణి చూసి గుర్తుపట్టాను. ఫొటో తెచ్చి ఇచ్చిన అసిస్టెంటు మురళి. వేరే కంపెనీకి మారాడట, గడ్డం పెంచాడు. నేను ట్రాక్టరు దేవసహాయంగారి అమ్మాయినని చెప్పగానే ఆప్యాయంగా కూర్చోమన్నాడు. రెండో షెడ్యూలు ఎప్పుడని అడిగాను. ఆయన అన్నం కలుపుకుంటున్న చెయ్యి ఆపి నా మొహం చూశాడు.

"ఆ సినిమానా? అది పోయి ఏడాది దాటిందమ్మా. ఇక లేదు. కొంపదీసి మీ నాన్న ఇంకా ఆ రిమ్ము కడగలేదా ఏంటి?"

నేను తల అడ్డంగా ఊపాను.

"అయ్యో, పాపం. నేనే వచ్చి చెప్పాల్సింది, పనుల్లో పడి మర్చిపోయాను. ఇంటికెళ్ళగానే నా మాటగా చెప్పమ్మా. శుభ్రంగా కడుక్కుని రంగేసుకుని పనికి తోలుకోమను. మర్చిపోకు."

మర్చిపోలేదు. గుట్ట ఎక్కుతున్నంతసేపూ అదే మాట నోట్లో తిప్పుకుంటూ వచ్చాను. పాక దగ్గరికి వచ్చేసరికి నాన్న గుమ్మంలో నా కోసమే చూస్తున్నాడు. ఆ రోజు శనివారం. ఫొటో చేత్తో పట్టుకుని "రా రూతమ్మా, బాతు నీకోసం కాసుక్కూర్చుంది" అన్నాడు. లోపల అమ్మ గిన్నెల కుప్ప ముందు కూర్చుని ఉంది. ఆమె నన్ను పిలవబోతుంటే నాన్న "దాన్ని ఇప్పుడు పిలవకు, దానితో పనుంది" అన్నాడు. ఆ మాట చెవిలో పడగానే మురళి చెప్పింది నోటిదాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయింది. ఇప్పుడే చెబితే ఈ సాయంత్రమే ఆఖరు కదా అనిపించింది. వచ్చే శనివారం చెబుదాం అనుకున్నాను. ఆ శనివారం వచ్చింది. ఇంకో వారం చూద్దాం అనుకున్నాను. మురళి ఆ నెలాఖరుకే గది ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. ఇక నేను చెప్పకపోతే నాన్నకి చెప్పేవాళ్ళు ఎవరూ లేరని తెలిసింది. తెలిసి, భయపడ్డాను, కానీ లోపల ఎక్కడో సంతోషం కూడా వేసింది. ఇది రాయడానికి ఇప్పటికీ చెయ్యి రావడం లేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆ ఎండాకాలంలో నర్సిరెడ్డి వచ్చాడు. జూబ్లీ హిల్స్ గుట్టల మీద పెద్ద పెద్ద ఇళ్ళు లేస్తున్న రోజులవి, ఆయన వాటికి కాంట్రాక్టరు. అదీ శనివారమే. మేమిద్దరం చక్రం ముందు ఉండగా స్కూటరు ఆపి దిగాడు. అమ్మ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, పక్కకి వెళ్ళకుండా అక్కడే నిలబడింది.

"దేవసాయం, నీ బండి ఊకెనే ఉంటున్నదట గదా. మా దిక్కు రాళ్ళు, ఇసుక, నీళ్ళు మొయ్యాలె. ఒక్క ఇల్లు గాదు, వరసగ ఆరిళ్ళు. రెండు మూడేండ్లు నీకు చేతినిండ పని. ఏమంటవ్? సోమవారం నుంచి రా."

నాన్న మొహంలో ఆశ కనిపించడం నేను చూశాను. లేదని ఎలా అంటాను? ఆయన లేచి నిలబడి, చేతులు లుంగీకి తుడుచుకుని, చక్రం వైపు చూశాడు. రాళ్ళలో ఇసకలో తిరిగితే ఒక్క వారంలో మచ్చలన్నీ చెరిగిపోతాయి. మెల్లగా నా వైపు తిరిగాడు.

"అమ్మడూ, ఎంతవరకు సరిపోయింది?"

ఆయన అడిగింది ఫొటో గురించే. కానీ ఆ గొంతులో ఇంకేదో ఉంది. ఎవరైనా ఒక్కరు "ఇక చాలు" అంటే వదిలేద్దామని చూస్తున్నాడని నాకు ఆ వయసులోనే అర్థమైంది. నర్సిరెడ్డి నీళ్ళు తాగుతూ చూస్తున్నాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని చూస్తోంది. మురళి చెప్పిన మాట మూడు నెలలుగా నా దగ్గరే ఉంది. రెండు ముక్కల్లో చెప్పేయొచ్చు. చెబితే, ఇన్నాళ్ళూ ఎందుకు దాచావని అడుగుతారు. చెప్పకపోతే ఇంకా ఎన్నో శనివారాలు ఉంటాయి.

"మొత్తం సరిపోయింది నాన్నా. ఒక్క చుక్క కూడా తేడా లేదు," అన్నాను.

నాన్న నర్సిరెడ్డికి దండం పెట్టి, "ఇంత చక్కగా కుదిరినాక ఇప్పుడు చెడగొట్టలేనండీ. కంటిన్యుటీ ఉంది" అన్నాడు. నర్సిరెడ్డి కాసేపు బతిమాలి, తరవాత నవ్వి, స్కూటరు ఎక్కి వెళ్ళిపోయాడు. స్కూటరు మోత దూరమయ్యేదాకా అమ్మ కదల్లేదు. తరవాత నాన్నని ఏమేమి అందో ఇక్కడ రాయను. పక్క పాకల వాళ్ళు బయటికొచ్చి విన్నారు. నాన్న తల వంచుకుని గరుకు కాగితం మడతలు పెడుతూ కూర్చున్నాడు. నేను ఫొటో గుండెకి ఆనించుకుని నిలబడ్డాను. ఆ నిమిషంలో చెప్పినా సరిపోయేది. తెరిస్తే నా నోటిలోంచి ఏడుపు తప్ప ఇంకేమీ వచ్చేటట్టు లేదు.

ఆ వానాకాలంలోనే కథ ముగిసింది. ఒక మధ్యాహ్నం పాక ముందు పెద్ద చప్పుడై, ఎడమ చక్రం కుంగిపోయి ట్రాక్టరు ఒక పక్కకి ఒరిగింది. నాన్న పరిగెత్తుకుని వెళ్ళి చూస్తే రిమ్ము వాల్వు దగ్గర చిల్లిపడి, బాతు ఉన్నచోట నాలుగు వేళ్ళు పట్టే కంత ఉంది. ఆయన వానలో ఆ కంత ముందు గొంతుకూర్చుని, తడుస్తూ, దాన్ని తడిమి తడిమి చూశాడు. నేను గొడుగు పట్టుకెళ్ళాను. "ఇక సరిపోదు కదమ్మా" అన్నాడు. "సరిపోదు నాన్నా" అన్నాను. ఫొటో తెమ్మని అడిగి తీసుకుని తన బైబిల్లో పెట్టేశాడు. కొత్త రిమ్ము కొనే డబ్బు లేక, ఆ నెలలోనే ఒక ప్రొడక్షన్ వ్యాను మీద డ్రైవరుగా చేరాడు. ముసలితనం వచ్చేదాకా ఇంకొకళ్ళ బండే తోలాడు. ఆ చక్రం జోలికి మళ్ళీ పోలేదు. తుప్పు దాని ఇష్టం వచ్చినట్టు పాకింది. తరవాత తరవాత మాకు పట్టా వచ్చింది, సామ్యూలు ఇల్లు కట్టాడు, గోడలు లేచాయి, ట్రాక్టరు వాటి మధ్య ఇరుక్కుపోయింది.

అప్పటికీ ఇప్పటికీ తేడా ఏమిటని ఒక్కోసారి ఆలోచిస్తాను. నర్సిరెడ్డి కట్టించిన ఇళ్ళలో నాలుగు ఇప్పటికే కూలగొట్టి వాటి స్థానంలో అద్దాల మేడలు కట్టారు. సీతాఫలం పొదలున్నచోట కార్లు గంటల తరబడి కదలవు. నేను రాసే సీరియల్లో ఒక కోడలు తొమ్మిదేళ్ళుగా ఒక నిజం దాచిపెట్టి తిరుగుతోంది. అది చెప్పేస్తే సీరియలు అయిపోతుంది కాబట్టి ఆమెను చెప్పనివ్వరు. ప్రతి వారం ఆమె నోరు తెరిచే సమయానికి తలుపు చప్పుడో, ఫోను మోతో నేనే రాస్తాను. ఆ పని నాకు ఎవరూ నేర్పలేదు. నాన్న సంగతికొస్తే, ఆయన కళ్ళల్లోకి సూటిగా చూసి మాట్లాడటం ఆ ఎండాకాలంతోనే మానేశాను. పెళ్ళయ్యాక దగ్గరలోనే ఉండి కూడా తక్కువ వెళ్ళేదాన్ని. ఎంత పనిమంతురాలో నా కూతురు, ఖాళీ ఉండదు అని ఆయన అందరికీ చెప్పుకునేవాడట. ఆసుపత్రిలో ఉన్న పదకొండు రోజులూ నేను పక్కనే ఉన్నాను. రోజూ ఇవాళ చెబుదాం అనుకున్నాను. చెప్పలేదు.

ఖాదర్ భాయ్ మళ్ళీ సమ్మెట ఎత్తాడు. పది దెబ్బలకి చివరి నట్టు వదిలింది. గునపంతో టైరు పెదవి లేపి, రిమ్మును సందులో అడ్డంగా పడుకోబెట్టి, లోపలి వైపు చూపించాడు. పైకి ఒక్క కంత, చుట్టూ మచ్చలుగా కనిపించేది లోపల జల్లెడైపోయి ఉంది.

"సూడమ్మా. వెనక టైర్లల్ల బరువు కోసం నీళ్ళు నింపుతరు గదా, అవి వాల్వు కాడ కారి లోపల్నుంచి తిన్నయ్. మీ అబ్బాజాన్ పాపం బయట నూనె పూసుకుంట కూసున్నడు. అప్పట్ల ఒక్కపాలి ఇప్పి, తుడిచి, రంగేసి ఉంటే ఇంకో ముప్పై ఏండ్లు నడిచేది గీ బండి."

సామ్యూలు నవ్వాడు. వరండాలో చాప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న అమ్మ, తల ఎత్తకుండానే, అలవాటుగా అంది.

"ఎవరు చెబితే విన్నాడు గనక? పిచ్చిమారాజు, నా ఖర్మ."

"ఆయన పిచ్చివాడు కాదమ్మా," అన్నాను.

ఇన్నేళ్ళూ రాని మాట అంత తేలిగ్గా ఎలా వచ్చిందో నాకు తెలియదు. అమ్మ పక్కన చాప మీద కూర్చున్నాను. మురళి గది గురించి చెప్పాను. గుట్ట ఎక్కుతూ తెచ్చిన మాట గురించి, శనివారాల గురించి చెప్పాను. సామ్యూలు నవ్వు ఎప్పుడు ఆగిందో గమనించలేదు. అమ్మ చేతిలో చింతపండు అలాగే ఉంది.

"నర్సిరెడ్డి వచ్చిననాటికి నీకు తెలుసా?" అని ఒక్కటే అడిగింది.

"తెలుసు."

అమ్మ తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. ఎనభై ఏళ్ళ మనిషి, ఆ వేళ్ళకి అంటిన పులుపుని కొంగుతో ఒక్కొక్క వేలే తుడుచుకుంది.

"ఆ రోజు నుంచి ఆయనకి నేను అన్నం వడ్డించలేదే," అంది. "వండేదాన్ని. గిన్నె తెచ్చి ముందు పెట్టేదాన్ని. గరిటె మాత్రం పట్టుకోలేదు. చేతగాని మనిషికి నా చేత్తో పెట్టనని ఒట్టేసుకున్నాను. పోయేదాకా ఆయనే వడ్డించుకు తిన్నాడు."

సామ్యూలూ నేనూ మొహాలు చూసుకున్నాం. నాన్న తనకి తానే పెట్టుకు తినడం సామ్యూలు ఊహ తెలిసినప్పటి నుంచీ చూస్తున్నదే, ఎప్పుడు మొదలైందో నేనూ పట్టించుకోలేదు. ఆయనకి అలా ఇష్టమేమో అనుకున్నాం.

"ఒక్కనాడన్నా అడగలేదు ఎందుకని. పక్కనే కూర్చుని చూస్తుండేదాన్ని. ఆసుపత్రిలో చెయ్యి వణికి అన్నం ఒలికిపోతుంటే కూడా నర్సుని పిలిచాను గానీ నేను పెట్టలేదు." అమ్మ నా వైపు తిరిగింది. "ఇప్పుడు చెప్పావు. నన్నేం చెయ్యమంటావే?"

బయట ఖాదర్ భాయ్ రెండో చక్రం మొదలుపెట్టమంటారా అని అడుగుతున్నాడు. అమ్మ నా జవాబు కోసం చూస్తూనే ఉంది.